పది లక్షలా తొమ్మిది

పోర్ట్ ఆగస్టాలో ఊరి చివర
మా షెడ్డు దాకా పాక్కుంటూ వచ్చి
ఇక నా వల్ల కాదంది నొయెలీన్ లారీ.
క్లచ్ ప్లేటు అడిలైడ్ నించి రావాలి. మూడు రోజులు.
మీటరులో ఏడు గళ్ళు:
ఒకటి, అయిదు సున్నాలు, చివర తొమ్మిది.

"మిలియన్ దాటి తొమ్మిదే" అంది, టోపీ తీసి మోకాలికేసి దులుపుతూ.
నేను లోపల మన లెక్కలో అనుకున్నాను,
పది లక్షలా తొమ్మిది.
చదివింపుల్లో నూటపదహార్ల లాగా
గుండుసున్నాల దగ్గర ఆగకుండా
కొసరు వేసుకున్న సంఖ్య.

"నాలాంటిదే. ఎవరికీ భాగం పోదు" అంది.
ఎలా తెలుసన్నాను.
"మొహం చూస్తే తెలీటం లేదూ?"

మొహం చూస్తే తెలీదు. తట్టి చూడాలి.
రెండూ అయిదూ గుమ్మంలోంచే వెనక్కి.
అంకెలు కూడితే పది, మూడుకి పని లేదు.
ఏడు పెడితే మూడు మిగిలింది.
పదకొండుకి పది, పదమూడుకీ పదే,
పదిహేడుకి ఒకటి, పందొమ్మిదికీ ఒకటే.
ఋణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం
ఉంచకూడదనేది మా నాయనమ్మ.
ఇదేమో వెళ్ళిన ప్రతి ఇంట్లో
ఎంతో కొంత బాకీ పెట్టే వస్తోంది.

జాబ్ కార్డుల వెనక భాగాలు అయిపోయాయి.
రెండో రాత్రి బ్రేక్ లైనింగుల అట్టపెట్టె చించి పరిచాను.
బయట ఇనుప ఖనిజం రైలు
ఎన్ని పెట్టెలో లెక్కపెట్టాలనిపించనంత పొడుగ్గా పోతోంది.

లారీ ఎలా వచ్చిందో మొదటిరోజు చెప్పింది:
వేలంలో, సొంత డబ్బుతో, వానలో నిలబడి.
రెండోరోజు టీ తాగుతూ చెప్పింది:
తమ్ముడు కెల్విన్‌ది, తాళాలు
వంటింటి బల్ల మీద పెట్టేసి పోయాడు.
రెండూ ఒకే గొంతుతో చెప్పింది. నేను అడగలేదు.

సంఖ్యా అంతే చేసింది.
వెయ్యి వేలకి మూడు మూళ్ళు కలిపితే తను,
అది అందరికీ చెప్పుకునే కథ.
తొమ్మిదివందల డెబ్బై రెండుని దానితోనే హెచ్చించి,
రెండువందల ముప్పై అయిదునీ అలాగే హెచ్చించి
కలిపి చూడు, అప్పుడూ తనే.
రెండు వర్గాల మొత్తంగా
రెండు రకాలుగా చెప్పుకోగలిగిన సంఖ్య
ఒక్కటిగా ఉండలేదు.
ఎక్కడో అతుకుంటుంది, వేలు పెట్టి వెతకాలి.

అరవై ఒక్క ప్రధాన సంఖ్యలు చేతిలో శేషంతో తిరిగొచ్చాక
అరవై రెండోది, రెండువందల తొంభై మూడు,
చప్పుడు చెయ్యకుండా లోపలికి పోయింది.
అవతల మూడువేల నాలుగువందల పదమూడు
ఎప్పటినించో కూర్చున్నట్టు కూర్చుని ఉంది.
మధ్యలో శేషం లేదు.

పొద్దున చెప్పాను.
నొయెలీన్ అట్టముక్కని దూరంగా, తర్వాత దగ్గరగా పట్టుకుంది.
"ఎవరు వీళ్ళిద్దరూ?" అంది.
ఎవరూ కారన్నాను. సంఖ్యలు.
చాలాసేపటికి, "మరి నిజంగా భాగం పోనిది?"
పది లక్షలా మూడు.
ఆరు కిలోమీటర్ల వెనక.

ఉత్తరం వైపు చూసింది.
ఉప్పు మడుగు, తీగ లేని కంచె గుంజలు.
"అక్కడ గేరు పడక తిట్టుకుంటున్నా,
మీటరు చూళ్ళేదు" అంది.
"రేడియో కూడా అందదక్కడ."

సాయంత్రానికి క్లచ్ పడింది.
రోడ్డెక్కేసరికి తొమ్మిది సగానికి జారి ఉంది,
వెనక సున్నా తల కనపడుతోంది,
రెండుకీ అయిదుకీ ఎవరడిగినా పలికే సంఖ్య వస్తోంది.
బిల్లుకి పైన చిల్లర తీసుకోలేదామె.

అట్టముక్కని ఆయిలు కారే చోట వేశాను.
ముందు రెండువందల తొంభై మూడు తడిసింది.